పందొమ్మిదో శతాబ్దపు కార్మికుల రాజకీయ ఆలోచనలను పరిశోధించడం ఎలా? చార్టిస్టు ఉద్యమం ఉదాహరణగా

పందొమ్మిదో శతాబ్దపు కార్మికోద్యమాల మీద పరిశోధన మొదలుపెట్టేవారు తెలియకుండానే ఒక పొరపాటు చేస్తుంటారు. సమ్మెలు, ఊరేగింపులు, అరెస్టులు, శిక్షలను ఒక పక్కన పెట్టి వాటిని ఉద్యమ చరిత్ర అంటారు. రాబర్ట్ ఓవెన్, కార్ల్ మార్క్స్ వంటివారి రచనలను మరో పక్కన పెట్టి వాటిని రాజకీయ భావాల చరిత్ర అంటారు. ఇలా విడదీయగానే పనిచేసేవాడు కార్మికుడు, ఆలోచించేవాడు మరొకడు అన్న అర్థం వచ్చేస్తుంది. నిజానికి మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చి మహజరు (సామూహిక వినతిపత్రం) మీద సంతకం పెట్టిన నేతగాడికి ప్రభుత్వమంటే ఏమిటో, చట్టం ఎవరి కోసం నడుస్తోందో, తనకు రావలసినదేమిటో స్పష్టమైన అభిప్రాయం ఉంది. దాన్ని అతను గ్రంథంగా రాయలేదు. సభలో చేతులెత్తి ఆమోదించిన తీర్మానంలో, పత్రికకు రాసిన ఉత్తరంలో, జైలు తనిఖీ అధికారికి ఇచ్చిన జవాబులో, జ్యూరీ ముందు చెప్పుకున్న మాటలో అది చెదురుమదురుగా మిగిలింది. ఆ ముక్కల్ని ఎక్కడ వెతకాలో, దొరికాక ఎలా చదవాలో ఇక్కడ చెబుతాను.

ఉదాహరణగా బ్రిటన్‌లోని చార్టిస్టు ఉద్యమాన్నే తీసుకుంటున్నాను. దాని ఆధారాలు విస్తారంగా మిగిలాయి, వాటిలో చాలా భాగం ఇప్పుడు ఇంట్లో కూర్చుని చదవవచ్చు. 1832 సంస్కరణ చట్టం మధ్యతరగతికి ఓటునిచ్చి కార్మికులను బయటే నిలబెట్టింది. 1834లో వచ్చిన కొత్త పేదల చట్టం, సాయం కావాలంటే శరణాలయంలో చేరాల్సిందేనన్న పద్ధతిని తెచ్చింది. అదే సంవత్సరం డార్సెట్ జిల్లా టాల్‌పడిల్ గ్రామానికి చెందిన ఆరుగురు వ్యవసాయ కూలీలకు, సంఘంలో చేరేటప్పుడు రహస్య ప్రమాణం చేశారన్న నేరం మోపి ఏడేళ్ల ద్వీపాంతరవాస శిక్ష వేశారు. ఈ మూడు గాయాలూ ఆరకముందే 1836లో లండన్ వర్కింగ్ మెన్స్ అసోసియేషన్ అన్న శ్రమజీవుల సంఘం ఏర్పడింది. 1838 మే నెలలో ‘పీపుల్స్ చార్టర్’ అచ్చయింది. చార్టిస్టు ఉద్యమానికి ఆ పేరు దీని నుంచే వచ్చింది. దాని ముసాయిదాలో ప్రధాన పాత్ర ఆ సంఘం కార్యదర్శి విలియం లవెట్‌ది. అందులో కోరినవి ఆరు: వయోజన పురుషులందరికీ ఓటు, రహస్య బ్యాలట్, పార్లమెంటు సభ్యత్వానికి ఆస్తి అర్హత రద్దు, సభ్యులకు జీతం, సమాన నియోజకవర్గాలు, ఏటేటా పార్లమెంటు ఎన్నికలు. 1839, 1842, 1848 సంవత్సరాల్లో మూడు బృహత్తర మహజరులు పార్లమెంటుకు వెళ్లాయి, మూడూ వమ్మయ్యాయి.

ప్రశ్నను చిన్నది చేసుకోవడం

“చార్టిజం ఎందుకు విఫలమైంది?” అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. అది చెడ్డ ప్రశ్న కాదు గాని, దానికి జవాబిచ్చే కాగితం ఏదీ లేదు. మంచి ప్రశ్నకు ఒక గుర్తు ఉంది. దాన్ని అడగగానే జవాబు ఉండగల కాగితం కళ్ల ముందు కనిపించాలి, అది తీర్మానమో, చందా జాబితానో, మేజిస్ట్రేటు ఉత్తరమో కావచ్చు. 1842 ఆగస్టునే తీసుకోండి. కూలి కోతలకు వ్యతిరేకంగా స్టాఫర్డ్‌షైర్, లాంకషైర్, యార్క్‌షైర్ ప్రాంతాల్లో సమ్మె ఒక మిల్లు నుంచి మరో మిల్లుకు పాకింది. సమ్మెకారులు గుంపుగా వెళ్లి ఆవిరి బాయిలర్ల బిరడాలు (ప్లగ్‌లు) ఊడదీసేవారు. నీరు కారిపోయి ఆవిరి చల్లబడితే యంత్రం ఆగిపోతుంది, యంత్రం ఆగితే మిల్లంతా ఆగిపోతుంది. ఎవరినీ కొట్టకుండా, ఏదీ తగలబెట్టకుండా ఉత్పత్తిని నిలిపివేసే ఉపాయం అది. ఈ సమ్మెలకు అప్పట్లోనే ‘ప్లగ్ ప్లాట్’ అన్న పేరు రావడానికి కారణం ఇదే. ఆ నెలలోనే మాంచెస్టర్‌లో వివిధ వృత్తుల ప్రతినిధులు సమావేశమై, చార్టర్ చట్టమయ్యేదాకా పని మానేద్దామని తీర్మానించారు. కూలి గురించి మొదలైన గొడవ కొద్ది రోజుల్లో ఓటుహక్కు దాకా ఏ దారిన వెళ్లింది? ఏ వృత్తివాళ్లు ఆ తీర్మానాన్ని బలపరిచారు, ఎవరు కూలి మాట దగ్గరే ఆగిపోయారు? ఇలాంటి ప్రశ్నకు కాగితాలు ఉన్నాయి, ఒక పరిశోధకుడు ఒంటిచేత్తో చేయగల పని కూడా అది.

మాటల దగ్గర ఆగడం

ఆధారం చేతికి రాగానే విషయంలోకి దూకకుండా ముందు మాటల దగ్గర ఆగాలి. ఈ పనిలో నేను దీనికే అన్నిటికంటే ఎక్కువ సమయం ఇస్తాను. అందుకు కారణముంది. పందొమ్మిదో శతాబ్దపు మాటలు చాలావరకు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి, కానీ వాటి అర్థాలు మాత్రం మారిపోయాయి. 1830లలో ఒక పత్రిక ‘సోషలిస్టు’ అని రాస్తే ఎక్కువగా రాబర్ట్ ఓవెన్ అనుచరుడని అర్థం. సహకార సంఘాలు, ఆదర్శ గ్రామాలు, పోటీ లేని సమాజం అతని ధ్యేయాలు. ‘కాంబినేషన్’ అంటే కూలి కోసం పనివాళ్లు కట్టుకున్న కూటమి. 1799, 1800 చట్టాలు నిషేధించింది దాన్నే. 1824లో ఆ నిషేధం రద్దయింది, మరుసటి ఏడే కొత్త చట్టం చాలా షరతులు పెట్టింది. ‘టర్న్ అవుట్’ అని కనిపిస్తే అది సమ్మె. ‘యూనివర్సల్ సఫ్రేజ్’ అన్నప్పుడు ‘అందరూ’ అన్న మాట ఎంత విశాలంగా వినిపించినా, చార్టర్‌లో దాని అర్థం ఇరవై ఒక్క ఏళ్లు నిండిన పురుషులే. మహిళా చార్టిస్టు సంఘాలు అనేక పట్టణాల్లో ఉండగానే ఆ మాటకు ఆ హద్దు ఉందన్నది పరిశోధకులు మరచిపోకూడని సంగతి.

తెలుగులో రాసేవారికి ఇక్కడ మరో చిక్కు ఎదురవుతుంది. నాటి పత్రాల్లో ‘వర్కింగ్ క్లాసెస్’ అన్న బహువచనం తరచుగా కనిపిస్తుంది. మనం అలవాటుగా ‘కార్మికవర్గం’ అని ఏకవచనంలో రాసేస్తాం. ఆ ఒక్క మాటతో, తర్వాతి కాలపు సిద్ధాంతం మొత్తాన్ని 1838 నాటి చేనేతవాడి నెత్తిన పెట్టినట్టవుతుంది. ఆ బహువచనంలో దర్జీ, చెప్పులు కుట్టేవాడు, చేనేతవాడు, బొగ్గుగని పనివాడు, అచ్చుకూడంలో అక్షరాలు కూర్చేవాడు ఉన్నారు, వాళ్ల బతుకులు ఒకలాంటివి కావు. ‘శ్రమజీవులు’ అనండి, ‘పనిపాటల వాళ్లు’ అనండి, లేదా వృత్తిపేరే రాయండి. ‘కార్మికవర్గం’ అన్న మాటను, ఆ మనుషులు తమను తాము ఒకే వర్గంగా చెప్పుకున్న చోటు దొరికినప్పుడు వాడండి. అప్పుడు ఆ మాటకు బరువు వస్తుంది, ఆ మార్పు ఎప్పుడు జరిగిందన్నది మీ పరిశోధనలో ఒక ఫలితం కూడా కావచ్చు.

ఆచరణలో ఇలా చేయండి. చదువుతున్నప్పుడు పదాల కోసం విడిగా ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ‘పీపుల్’, ‘ప్రాపర్టీ’, ‘లేబర్’, ‘రైట్స్’, ‘టిరనీ’ వంటి పదాలు ఒక్కోదానికి ఒక్కో పుట కేటాయించి, పదం కనిపించిన ప్రతిసారీ తేదీ, చోటు, మాట్లాడినవారి వృత్తి, ఎదుటివారెవరు, ఆ పదం పక్కన ఇంకేమున్నాయి అన్నవి రాసుకోండి. ఉదాహరణకు, చార్టిస్టులు ‘శ్రమ కూడా ఒక ఆస్తే’ అని వాదించినప్పుడు, ఆస్తి ఉన్నవాడికే ఓటు అన్న పాలకుల సూత్రాన్ని వాళ్లు కాదనలేదు, ఆ సూత్రాన్నే తమ వైపు తిప్పుకున్నారు. ఇటువంటి వాదం ఏ సిద్ధాంత గ్రంథపు విషయసూచికలోనూ దొరకదు. అది పదాల పుటలు నిండుతున్నకొద్దీ మెల్లగా రూపుకడుతుంది.

పత్రికను చదవడం

చార్టిజం మీద పనిచేసేవారెవరైనా ‘నార్తర్న్ స్టార్’ పత్రికతో కలిసి కొంతకాలం కాపురం చేయక తప్పదు. చార్టిస్టు నాయకుడు ఫియర్గస్ ఓకానర్ దీన్ని 1837 నవంబరులో లీడ్స్‌లో ప్రారంభించాడు. 1844లో అది లండన్‌కు మారింది, 1852 దాకా నడిచింది. వెల నాలుగున్నర పెన్నీలు. అందులో ఒక పెన్నీ ప్రభుత్వానికి చెల్లించే స్టాంపు పన్ను. 1836కు ముందు ఆ పన్ను నాలుగు పెన్నీలు ఉండేది. పేదల చేతికి వార్తలు అందకుండా చేయడం ఆ పన్ను ఉద్దేశాల్లో ఒకటి. అందుకే 1831 నుంచి 1835 వరకు హెన్రీ హెదరింగ్టన్ ‘పూర్ మ్యాన్స్ గార్డియన్’ను స్టాంపు లేకుండా, ఒక్క పెన్నీకే, చట్టాన్ని ధిక్కరించి ప్రచురిస్తున్నామని తన పత్రిక మీదే అచ్చువేసి మరీ అమ్మాడు. స్టాంపు లేని పత్రికలు అమ్మినందుకు వందల మంది జైలుకు వెళ్లారు. పత్రిక వెల వంటి చిన్న వివరంలో కూడా రాజకీయ భావం ఉంటుందని దీన్నిబట్టి గ్రహించాలి.

నాలుగున్నర పెన్నీలు నేతగాడికి చిన్న మొత్తం కాదు. నలుగురూ కలిసి చందా వేసుకుని కొనేవారు, పానశాలలోనో ఒకరి ఇంట్లోనో చదువు వచ్చినవాడు పైకి చదివితే మిగతావారు వినేవారు. కాబట్టి ఎన్ని ప్రతులు అమ్ముడయ్యాయన్న లెక్క ఎంతమంది విన్నారన్నది చెప్పదు. ఇంకా ముఖ్యమైన విషయం, మీరు కళ్లతో మౌనంగా చదువుతున్న వాక్యాన్ని వాళ్లు చెవులతో విన్నారు. సంపాదకీయాల్లో కనిపించే పునరుక్తి, పిలుపులు, లయ మీకు అతిగా అనిపిస్తే ఒకసారి పైకి చదివి చూడండి. అది ఎందుకలా రాశారో అప్పుడు తెలుస్తుంది.

ఈ పత్రిక ‘నైన్‌టీన్త్ సెంచరీ సీరియల్స్ ఎడిషన్’ అన్న వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. ప్రాంతీయ పత్రికలు చందా కట్టి చూడవలసిన ‘బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్’లో ఉన్నాయి. వీటిలో పదం కొట్టి వెతికే సౌకర్యం గొప్ప వరమే, కానీ దాన్ని పూర్తిగా నమ్మితే మోసపోతాం. పాత అచ్చు చెదిరి ఉంటుంది, సిరా పక్క పుటకు ఊరి ఉంటుంది, యంత్రం ఒక అక్షరాన్ని మరోటిగా చదువుతుంది. నేను ఒక ఊరిపేరు కొట్టి నాలుగు ఫలితాలు మాత్రమే చూసి, అక్కడ ఉద్యమం బలహీనమని నోట్సులో రాసేసుకున్నాను. తర్వాత అదే ఏడాది సంచికలను పుట తర్వాత పుట తిప్పుతుంటే ఆ ఊరి సభల వార్తలు వారం వారం కనిపించాయి. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: వెతుకుడు పెట్టెతో దారి కనుక్కోవాలి, తీర్పు మాత్రం వరసగా చదివిన సంచికల మీదే ఇవ్వాలి. కనీసం మూడు నెలల సంచికలను మొదటి పుట నుంచి చివరి పుట దాకా, ప్రకటనలతో సహా చదవండి.

సంపాదకీయం మీద కంటే చిన్న అక్షరాల్లో అచ్చయిన భాగాల మీద ఎక్కువ దృష్టి పెట్టమని నా సలహా. రాబోయే ఉపన్యాసాల పట్టిక, పాఠకుల ఉత్తరాలకు ఒక్క ముక్కలో ఇచ్చిన జవాబులు, ఖైదీల కుటుంబాల కోసం పోగైన చందాలు, పాఠకులు రాసి పంపిన పద్యాలు ఇందులోవే. 1840 జులైలో మాంచెస్టర్‌లో చార్టిస్టుల దేశవ్యాప్త సంఘమైన నేషనల్ చార్టర్ అసోసియేషన్ ఏర్పడ్డాక, దాని జనరల్ కౌన్సిల్‌కు ఊరూరా ప్రతిపాదించిన వారి పేర్లు, చాలాచోట్ల వారి వృత్తులతో సహా, పత్రికలో వచ్చాయి. ఒక పట్టణాన్ని ఎంచుకుని ఆ జాబితాలను వరసగా పేర్చండి. నాయకులంటే వేదికమీది వక్తలే అన్న అభిప్రాయం అక్కడే సడలిపోతుంది.

ప్రభుత్వ దస్త్రాలు, ఖైదీల మాటలు

లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో హోంశాఖ దస్త్రాలున్నాయి. అల్లర్లకు సంబంధించి వచ్చిన ఉత్తరాలు హెచ్‌ఓ 40 వరసలో, 1841 తర్వాతివి ఎక్కువగా హెచ్‌ఓ 45లో, పంపిన ఉత్తరాల నకళ్లు హెచ్‌ఓ 41లో దొరుకుతాయి. ప్రభుత్వ న్యాయవాదులు విచారణల కోసం తయారుచేసుకున్న కాగితాలు టీఎస్ 11లో ఉంటాయి. అక్కడ చదువుకోవడానికి ఇచ్చే కార్డు ఉచితం, సొంత కెమెరాతో ఫొటోలు తీసుకోనిస్తారు. వెళ్లలేనివారు జాబితాను ఆన్‌లైన్‌లో చూసి, కావలసిన దస్త్రం నంబరు ముందే రాసిపెట్టుకోవచ్చు.

ఈ దస్త్రాలను చదివేటప్పుడు ప్రతి ఉత్తరం మీద మూడు ప్రశ్నలు వేయాలి. రాసినవాడు దేనికి భయపడుతున్నాడు? పైవారి నుంచి ఏమి కోరుతున్నాడు? చెబుతున్నది కళ్లారా చూశాడా, విన్నాడా? సైన్యాన్ని పంపమని అడిగే మేజిస్ట్రేటుకు గుంపు పెద్దదిగా కనిపించడం సహజం. వేగులకు సమాచారం కొద్దీ డబ్బు ముట్టేది, కాబట్టి ‘కుట్ర లేదు’ అని రాస్తే వాళ్ల పొట్ట నిండదు. 1839లో ఉత్తర మండల సేనాధిపతిగా వచ్చిన చార్లెస్ నేపియర్ రాతలను వీటి పక్కన పెట్టి చదివితే తేడా తెలుస్తుంది. తర్వాత 1843లో సింధ్‌ను ఆక్రమించినది ఈయనే. ఉద్యమాన్ని అణచవలసిన బాధ్యత తనదే అయినా పేదల కష్టం నిజమని ఒప్పుకున్న మనిషి కావడం వల్ల, మేజిస్ట్రేట్ల గాభరాను ఆయన మాటల్లో కొలిచి చూసుకోవచ్చు.

నేను ఎవరికైనా మొట్టమొదట చూపించే దస్త్రం హెచ్‌ఓ 20/10. 1840, 1841 సంవత్సరాల్లో జైళ్ల తనిఖీ అధికారి ఒకరు చార్టిస్టు ఖైదీలను ఒక్కొక్కరినీ కలిసి మాట్లాడి రాసిన నివేదికలు అందులో ఉన్నాయి. వయసు, వృత్తి, భార్యాపిల్లలు, చదువు, మతం, ఆరోగ్యం, రాజకీయాభిప్రాయాలు, చివర అధికారి వేసిన అంచనా, అన్నీ కనిపిస్తాయి. ఒక నివేదికను తీసుకుని రెండు రంగుల పెన్సిళ్లతో కూర్చోండి. ఖైదీ చెప్పినట్టుగా ఉన్న మాటల కింద ఒక రంగు, అధికారి అభిప్రాయం కింద మరో రంగు గీయండి. కొన్ని వాక్యాలకు ఏ రంగు వేయాలో తేలదు. ఖైదీ అన్న మాటను అధికారి తన భాషలోకి మార్చి రాసిన చోట్లు అవే. అక్కడ తొందరపడి ఖైదీ నోటిమాటగా ఉల్లేఖించకండి. అలాగే జైల్లో ఉన్న మనిషి విడుదల కోరుకుంటాడు, ‘ఇక రాజకీయాల జోలికి పోను’ అన్న మాటను నమ్మేముందు, బయటికొచ్చాక అతను ఏం చేశాడో పత్రికలో వెతకాలి.

1839 నవంబరు 4న వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో వెస్ట్‌గేట్ హోటల్ ముందు సైనికుల కాల్పుల్లో సుమారు 22 మంది చనిపోయారు. జాన్ ఫ్రాస్ట్, జెఫనయ్య విలియమ్స్, విలియం జోన్స్‌లకు మొదట మరణశిక్ష వేసి తర్వాత ద్వీపాంతరవాసంగా మార్చారు. ఈ కేసు వాంగ్మూలాలు ఎంతో విలువైనవి. అయితే ఆ లోయల గని పనివాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది వెల్ష్ భాష, కాగితం మీద మిగిలినది ఇంగ్లీషు. మధ్యలో అనువదించినవాడు మనకు కనపడడు. ఆ మనిషి ఉన్నాడని మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా రాయండి.

అంకెను అనుమానించే పద్ధతి

సభకు ఎంతమంది వచ్చారు, మహజరు మీద ఎన్ని సంతకాలున్నాయి అన్న ప్రశ్నలు అడుగడుగునా ఎదురవుతాయి. 1838 సెప్టెంబరు 24న మాంచెస్టర్ పక్కన కర్సల్ మూర్‌లో జరిగిన సభకు రెండున్నర లక్షలకు పైగా వచ్చారని కొన్ని పత్రికలు రాశాయి, మాంచెస్టర్ గార్డియన్ మాత్రం 30,000 అంది. రెండింటినీ కూడి సగం చేయడం పద్ధతి కాదు. రెండింటినీ ఉన్నవున్నట్టు ఇచ్చి, ఎవరు ఎందుకలా రాసి ఉంటారో చెప్పాలి, వీలైతే మైదానం వైశాల్యంతో పోల్చాలి.

1848 మహజరు దీనికి మంచి అభ్యాసం. ఏప్రిల్ 10న కెన్నింగ్టన్ కామన్‌లో సభ జరిగింది. విలియం కిల్బర్న్ తీసిన ఆ సభ ఛాయాచిత్రం ఇప్పటికీ ఉంది, చూసి తీరవలసినది. మహజరులో 57 లక్షలకు పైగా సంతకాలున్నాయని ఓకానర్ చెప్పాడు. మూడు రోజులకు కామన్స్ సభ కమిటీ లెక్కపెట్టించి 19,75,496 అని తేల్చింది, విక్టోరియా రాణి, వెల్లింగ్టన్ డ్యూక్ పేర్లతో దొంగ సంతకాలున్నాయని ఎత్తిచూపింది. సభ నవ్వింది. చాలా పుస్తకాలు కథను అక్కడితో ముగించి, ఉద్యమం నవ్వులపాలైందని రాస్తాయి.

మీరు అక్కడ ఆగకుండా కాగితం, కలం తీసుకోండి. లెక్కపెట్టినవారు 13 మంది గుమాస్తాలు, పట్టిన సమయం 17 గంటలకు పైన అని కమిటీ తరఫునే చెప్పారు. 13 మందిని 17 గంటలతో, ఆపై 60 నిమిషాలతో హెచ్చిస్తే 13,260 నిమిషాల శ్రమ వస్తుంది. 19,75,496ను దానితో భాగిస్తే ఒక్కో గుమాస్తా నిమిషానికి 149 సంతకాలు చూసినట్టు, అంటే సెకనుకు రెండున్నర. తిండి, నీళ్లు, కునుకు లేకుండా పదిహేడు గంటలు అదే వేగంతో పెద్ద పెద్ద చుట్టలు విప్పుతూ, ఒక్కో పేరు అసలుదా నకిలీదా అని తేల్చడం మనిషికి సాధ్యమా? లెక్క చివరి ఒకటి దాకా అంత కచ్చితంగా రావడమే అనుమానించవలసిన విషయం. దీంతో ఓకానర్ అంకె నిజమని రుజువు కాదు. ప్రభుత్వ అంకె కూడా కళ్లకద్దుకోదగినది కాదని మాత్రం తేలుతుంది. అదే నివేదికలో ప్రతి లక్ష సంతకాల్లో 8,200 స్త్రీలవని ఉంది. ఆ పేర్లను వెక్కిరించడానికి చెప్పిన ఆ అంకెను ఈరోజు మనం మరో విధంగా చదవవచ్చు. తమకు ఓటు కోరని మహజరు మీద అంతమంది స్త్రీలు ఏ ఆశతో సంతకం పెట్టారన్న ప్రశ్న అక్కడి నుంచి మొదలవుతుంది.

ఒక్క మనిషి వెంట నడవడం

భావాలు ఎలా ప్రయాణిస్తాయో తెలుసుకోవాలంటే ఒక మనిషిని పట్టుకుని ఆధారం నుంచి ఆధారానికి నడవడం మంచి సాధన. విలియం కఫేను తీసుకోండి. 1788లో చాథమ్‌లో పుట్టిన దర్జీ, తండ్రి ఒకప్పుడు బానిసత్వంలో ఉన్న నల్లజాతి మనిషి. 1834 దర్జీల సమ్మెలో పాల్గొని పని పోగొట్టుకున్నాడు, తర్వాత లండన్ చార్టిస్టుల్లో ముఖ్యుడయ్యాడు. 1848లో వేగు సాక్ష్యం మీద అతన్ని లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో విచారించి టాస్మానియాకు ద్వీపాంతరం పంపారు. ఆ కోర్టు విచారణలు 1674 నుంచి 1913 వరకు ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. తన సమానులు కూర్చున్న జ్యూరీ తనను విచారించాలని కఫే కోరిన సంగతి దగ్గర ఆగి ఆలోచించండి. మాగ్నాకార్టా (1215 నాటి ఇంగ్లండ్ హక్కుల పత్రం) నాటి పాత హామీని ఒక దర్జీ తన వృత్తి, తన తరగతి వైపు నుంచి చదువుతున్నాడు. రాజకీయ సిద్ధాంతం అంటే నాకు తోచేది ఇదే. టాస్మానియా ఖైదీల దస్త్రాలు కూడా ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. 1856లో క్షమాభిక్ష దొరికినా కఫే అక్కడే ఉండిపోయి 1870లో చనిపోయాడు.

పేరున్న మనుషులు కానివారిని వెతకడానికి ఓకానర్ భూమి పథకం (పనివాళ్లు వాటాలు కొని, ఆ సొమ్ముతో చిన్న కమతాలు పొందాలన్న పథకం) వాటాదారుల జాబితాలు ఉపయోగపడతాయి. నేషనల్ ఆర్కైవ్స్‌లో బీటీ 41 వరసలో 474 నుంచి 476 దాకా ఉన్న ఈ పుస్తకాల్లో పేరు, ఊరు, వృత్తి ఉంటాయి. ఆ పేర్లను 1841, 1851 జనాభా లెక్కలతో జతచేసి చూడవచ్చు. ఒకే పేరు ఇద్దరు ముగ్గురికి ఉండటం మామూలే, కాబట్టి వృత్తి, వీధి రెండూ కలిసేదాకా ఇద్దరినీ ఒకరిగా తేల్చకండి.

ఇతర చరిత్రకారులతో మాట్లాడటం

1963లో ఈ.పీ. థాంప్సన్ ఇంగ్లీషు కార్మికవర్గం తనను తాను ఎలా నిర్మించుకుందో చెప్పే గ్రంథం ప్రచురించి, అనుభవం నుంచి చైతన్యం పుట్టిన తీరును చూపాడు. ఇరవై ఏళ్ల తర్వాత గారెత్ స్టెడ్మన్ జోన్స్ చార్టిస్టుల భాషను దగ్గరగా చదివి, అది పాత రాడికల్ రాజకీయ భాషేనని, కష్టాలకు మూలం యజమానుల దోపిడీలో కాక రాజకీయాధికారం మీద కొద్దిమంది గుత్తాధిపత్యంలో ఉందని వాళ్లు భావించారని వాదించాడు. ఈ ఇద్దరిలో ఎవరి పక్షం అన్నది మొదటి రోజే తేల్చుకోవద్దు. మీ పదాల పుటలు, ఖైదీల జవాబులు నిండాక మళ్లీ వాళ్ల దగ్గరికి రండి. నా అనుభవంలో వక్తల ప్రసంగాలు జోన్స్ వైపు, సమ్మె తీర్మానాలు థాంప్సన్ వైపు మొగ్గుతాయి, కాబట్టి ఏ రకం కాగితం ఎక్కువ చదివామన్నదే జవాబును కొంత నిర్ణయిస్తుంది.

ఉల్లేఖనల విషయంలో ఒక హెచ్చరిక. కర్సల్ మూర్ సభలో జోసెఫ్ రేనర్ స్టీఫెన్స్, ఓటుహక్కు అనేది కత్తి, ఫోర్కుల ప్రశ్న, రొట్టె, జున్నుల ప్రశ్న అన్నాడు. చార్టిజం అంతా ఆకలి గొడవేనని చెప్పేవారందరూ ఈ మాటే ఎత్తుకుంటారు. అయితే స్టీఫెన్స్ ప్రధానంగా పేదల చట్టానికి వ్యతిరేకంగా పోరాడిన మత బోధకుడు, 1839లో తన విచారణలో చార్టిస్టులతో తనకు సంబంధం లేదనే చెప్పుకున్నాడు. ఒక వాక్యం ఎంత అందంగా ఉన్నా, అన్నవాడు ఉద్యమంలో ఏ మూల నిలబడ్డాడో చూడకుండా దాన్ని ఉద్యమం నోట్లో పెట్టకూడదు. పార్లమెంటు చర్చల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఆ చర్చల నివేదికల సంపుటాలైన హాన్సార్డ్ 1803 నుంచి ఉన్నా, మాట మాటగా అధికారికంగా నమోదు చేయడం 1909లోనే మొదలైంది. అంతకుముందువి చాలావరకు పత్రికల నివేదికల నుంచి కూర్చినవి.

చివరికి రాయడానికి కూర్చున్నప్పుడు, నెరవేరిన డిమాండ్ల వరసలో కథ నడపాలన్న కోరిక కలుగుతుంది. ఆస్తి అర్హత 1858లో పోయింది, రహస్య బ్యాలట్ 1872లో వచ్చింది, సభ్యులకు జీతం 1911లో, వయోజన పురుషులందరికీ ఓటు 1918లో వచ్చాయి. అలా రాస్తే చార్టిస్టులు మనకంటే ముందు పుట్టిన మనలాంటివారు అవుతారు. అందుకే నేను ఆరింటిలో ఎన్నడూ అమలు కాని దాన్నే ముందు తీసుకోమంటాను, అదే ఏటేటా ఎన్నికలు. ఏడేళ్ల పార్లమెంటు నడుస్తున్న కాలంలో, ప్రతినిధిని పన్నెండు నెలలకోసారి ఇంటికి రప్పించి లెక్క అడగాలని వాళ్లు పట్టుబట్టారు. ప్రతినిధి ప్రజల తరఫున ఆలోచించే పెద్దమనిషి కాదు, ఒక పని అప్పగించి పంపిన మనిషి అన్నది ఆ కోరిక వెనక ఉన్న భావం. సంఘం చందా పెట్టె లెక్కను పదిమంది ముందూ చెప్పవలసిన కోశాధికారి లాంటివాడన్నమాట. ఏ సంఘాల్లో అటువంటి లెక్క చెప్పించే అలవాటు ముందే ఉందో, అక్కడివారు ఈ డిమాండును ఏ మాటల్లో సమర్థించారో పత్రికలోని ఊరి నివేదికల్లో, సంఘాల నిబంధనల్లో వెతకండి.